మక్కా దారిలో మణికట్టు యంత్రాలు

పవిత్ర మక్కా నగరంలో ఏ వీధి మలుపున నిలబడి తలెత్తినా కాలం కనిపిస్తుంది. మస్జిదుల్ హరామ్‌కు ఎదురుగా 601 మీటర్ల ఎత్తున నిలిచిన గడియారపు గోపురం 2012లో పూర్తయింది. దాని ప్రధాన ముఖాల వ్యాసం 43 మీటర్లు. రాత్రివేళ కొన్ని మైళ్ళ దూరం నుంచే అది యాత్రికునికి సమయం చెబుతుంది. గడచిన శీతాకాలంలో ఉమ్రా సంకల్పంతో ఆ నగరంలో అడుగుపెట్టినప్పుడు మాకు ముందుగా కనిపించినది ఆ గోపురమే. దాని నీడలో నిలబడి చుట్టూ చూస్తే మరొక సంగతి గమనానికి వచ్చింది. అంత పెద్ద గడియారం ఎదుట ఉండగా, ప్రతి రెండవ మనిషి తన మణికట్టును చూసుకొంటున్నాడు. ఆ చూపు సమయం కోసం కాదు. ఒకరు తమ అడుగులు లెక్కించుకొంటున్నారు, ఒకరు గుండె వేగం చూసుకొంటున్నారు, మరొకరు తమవారు ఎక్కడ ఉన్నారో వెతుక్కొంటున్నారు.

మేమూ అందుకు భిన్నంగా ఏమీ లేము. నంద్యాల నుంచి బయలుదేరిన మా ముగ్గురి ఒంటి మీద నాలుగు యంత్రాలు ఉన్నాయి. వాటిలో ఒకటి మమ్మల్ని మోసగించింది. ఒకటి ఎంతో మేలు చేసింది. మిగిలిన రెండూ మమ్మల్ని ఆలోచింపజేశాయి. ఈ పవిత్ర యాత్రకు సిద్ధమవుతున్న కుటుంబాలకు, ముఖ్యంగా వృద్ధులైన తల్లిదండ్రులను వెంటబెట్టుకొని వెళ్ళదలచిన సోదర సోదరీమణులకు మా అనుభవం ఏ కొంచెమైనా పనికివస్తుందన్న ఆశతో ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

ప్రయాణ సన్నాహం

మా అమ్మీ వయస్సు 68 సంవత్సరాలు. మధుమేహం వచ్చి పద్దెనిమిదేళ్ళయింది. ఉమ్రా చేయాలన్నది ఆమె చిరకాల వాంఛ. నాన్నగారు బ్రతికి ఉన్న రోజుల్లో ఇద్దరూ కలిసి వెళ్ళాలనుకొన్నారు, ఆ అవకాశం కలగలేదు. ఈసారి ఎలాగైనా తీసుకువెళ్ళాలని మేమూ, మా శ్రీమతీ నిశ్చయించుకొన్నాము.

మా ప్రయాణం సంగతి తెలిసి దమ్మాంలో ఉద్యోగం చేస్తున్న మేనల్లుడు మాకు ఒక మంచి స్మార్ట్ వాచ్ పంపించాడు. పొరుగింటి సోదరి మా శ్రీమతికి జిక్ర్ ఉంగరం ఒకటి బహూకరించింది. వేలికి ధరించి చిన్న మీట నొక్కితే తస్బీహ్ సంఖ్యను అది లెక్కిస్తుంది, నమాజు వేళకు సన్నగా కంపిస్తుంది. మా ఖాఫిలా నాయకుడు అందరికీ ఒక్కొక్క రబ్బరు పట్టీ పంచాడు. దాని మీద బస చేసే హోటలు పేరు, మక్కాలో పనిచేసే ఒక ఫోను నంబరు, ఒక క్యూఆర్ కోడ్ ముద్రించి ఉన్నాయి. ఇక నాల్గవది మేము స్వయంగా కొన్నది. విమానం ఎక్కడానికి రెండు రోజుల ముందు హైదరాబాదులో బంధువుల ఇంట దిగినప్పుడు, నగరంలోని ఒక అంగడిలో అమ్మీ కోసం ఒక గడియారం తీసుకొన్నాము. వెల రెండు వేల రూపాయలు. గుండె వేగం, రక్తపోటు, వాటితోపాటు రక్తంలోని చక్కెర కూడా సూది గుచ్చకుండానే చూపుతుందని అంగడివాడు చెప్పాడు. పెట్టె మీద కూడా అదే వ్రాసి ఉన్నది.

అమ్మీ ఆనందానికి అవధులు లేవు. రోజూ వేలికి సూది గుచ్చి రక్తపు చుక్క తీయడం ఆమెకు పెద్ద శిక్ష. "పద్దెనిమిదేళ్ళుగా నా వేళ్ళు జల్లెడయ్యాయి బేటా! అల్లాహ్ మేలు చేయాలి, ఇక ఈ బాధ తప్పింది" అన్నారు. ఆ మాట విన్న తరువాత ఆ యంత్రం పనితనం గురించి ప్రశ్నించడానికి మాకు మనస్సు రాలేదు. మా శ్రీమతి మాత్రం నంద్యాల డాక్టరు చెప్పిన ప్రకారం పాత గ్లూకోమీటరును, దాని పట్టీలను తన భుజం సంచిలో వేసుకొన్నది. అనవసరపు బరువు అని మేమే ఆమెను వారించాము.

ఇహ్రామ్‌లో మణికట్టు

శంషాబాదు నుంచి జిద్దాకు సుమారు ఆరు గంటల విమాన ప్రయాణం. మీఖాత్ సమీపిస్తున్నదన్న ప్రకటన వినగానే విమానమంతా తల్బియాతో మారుమ్రోగింది. కుట్టని రెండు తెల్లని వస్త్రాలలో ఉన్న పురుషులలో కొందరు, మణికట్టు మీది గడియారం ఇహ్రామ్‌కు విరుద్ధమేమోనని సందేహపడ్డారు. గడియారం, నడుముకు కట్టుకొనే పైకపు పట్టీ, కళ్ళజోడు వంటివి కుట్టిన దుస్తుల కోవలోకి రావనీ, వాటిని ధరించడానికి అభ్యంతరం లేదనీ సాధారణంగా ఉలమాలు చెబుతారని మా బృందంలోని మౌలానా వివరించారు. "అయితే ఇహ్రామ్ మనిషిని అలంకారాల నుంచి దూరం చేయడానికి వచ్చింది. చేతికి ఉన్నది అవసరమో, అలంకారమో ఎవరికి వారే తేల్చుకోవాలి" అని కూడా ఆయన అన్నారు.

ముస్లిములకు ఇటువంటి పరికరాలు క్రొత్త కాదు. నమాజు వేళలను, ఖిబ్లా దిశను కచ్చితంగా తెలుసుకోవలసిన అవసరం మన పూర్వీకులను గొప్ప యంత్రనిర్మాతలుగా తీర్చిదిద్దింది. 14వ శతాబ్దంలో డమాస్కస్ ఉమయ్యద్ మస్జిదులో మువఖ్ఖిత్‌గా, అంటే నమాజు వేళలు నిర్ణయించే అధికారిగా పనిచేసిన ఇబ్న్ అల్ షాతిర్, సూర్యగడియారాన్నీ దిక్సూచినీ చేతిలో ఇమిడే ఒక చిన్న పెట్టెలో అమర్చాడు. ఎక్కడికైనా వెంట తీసుకుపోయి వేళనూ దిశనూ తెలుసుకోగలిగే పరికరం అది. నేడు మన మణికట్టు మీద ఖిబ్లా చూపే ముల్లు ఆ సంప్రదాయానికి దూరపు వారసురాలే. కనుక యంత్రాన్ని యంత్రమని నిరసించడం మన మార్గం కాదు. అది నిజం చెబుతున్నదా లేదా అన్నదే ప్రశ్న.

జిద్దాలో దిగగానే మా స్మార్ట్ వాచ్ తనంతట తాను రెండున్నర గంటలు వెనక్కు జరిగి సౌదీ సమయం చూపింది. ఫోనుతో సంబంధం లేని అమ్మీ గడియారం హిందూస్తాన్‌లోనే ఉండిపోయింది. ఈ చిన్న తేడాను మేము గమనించలేదు. దానికి మరునాడు తగిన మూల్యం చెల్లించాము.

సఫా, మర్వాల నడుమ

రాత్రి మక్కా చేరి కొంత విశ్రమించి, ఫజ్ర్ నమాజు ముగిసిన తరువాత ఉమ్రా చేయాలని నిర్ణయించుకొన్నాము. తెల్లవారకముందే అమ్మీ లేచారు. తమ గడియారంలో ఎనిమిది కావడం చూసి, ఇంటి అలవాటు ప్రకారం షుగరు మాత్ర వేసుకొన్నారు. అక్కడి వేళ ప్రకారం అప్పుడు ఐదున్నర. హోటలులో అల్పాహారం పెట్టడానికి ఇంకా గంటన్నర ఉన్నది. టీతో రెండు బిస్కట్లు తిని మాతోపాటు హరామ్‌కు బయలుదేరారు.

కాబా గృహం తొలిసారి కంటబడిన ఆ క్షణాన్ని వర్ణించే శక్తి మాకు లేదు. అమ్మీ చాలాసేపు చేతులెత్తి నిలబడిపోయారు. తరువాత హజ్రె అస్వద్ ఎదుట ఆకుపచ్చ దీపం ఉన్న చోటు నుంచి తవాఫ్ ఆరంభించాము. ఏడు ప్రదక్షిణలు, మఖామె ఇబ్రాహీమ్ వెనుక రెండు రకాతులు, జమ్ జమ్. అంతవరకు అమ్మీ నడక చూసి మాకే ఆశ్చర్యం కలిగింది.

తరువాత సయీ. సఫా నుంచి మర్వా వరకు ఒక విడత. ఏడు విడతలూ కలిపితే మూడు కిలోమీటర్ల దరిదాపు నడక. మూడవ విడత మర్వా వద్ద ముగిసేసరికి అమ్మీ గోడవారగా కూర్చుండిపోయారు. ముఖమంతా చెమట. మాట తడబడుతున్నది. మేము వెంటనే ఆమె మణికట్టు చూశాము. చక్కెర 132 అని గడియారం చూపింది. భయం తీరింది. అలసట కాబోలు అనుకొని జమ్ జమ్ త్రాగించి విసరసాగాము.

మా శ్రీమతికి మాత్రం తృప్తి కలగలేదు. అమ్మీ నుదుటి మీద చేయి వేసి, "ఈ చెమట చల్లగా ఉందండీ" అన్నది. సంచిలోంచి గ్లూకోమీటరు తీసి వేలికి సూది గుచ్చింది. క్షణాలలో అంకె కనిపించింది: 58.

రక్తంలో చక్కెర 70 కంటే తగ్గితేనే ప్రమాదసూచన. ఆపై ఇంకా తగ్గితే మనిషి స్పృహ కోల్పోవచ్చు. మా ఖర్జూరాలు హోటలు గదిలో ఉన్నాయి. మేము లేచి పరుగెత్తాము. ఎటు పోవాలో తెలియలేదు. కొన్ని అడుగుల దూరంలో కూర్చొని ఉన్న ఒక ఆఫ్రికా దేశపు వృద్ధురాలు మా ముఖాలనూ, అమ్మీ వాలకాన్నీ చూసింది. ఆమె భాష మాకు రాదు, మా భాష ఆమెకు రాదు. తన కొంగుమూటలోంచి గుప్పెడు ఖర్జూరాలు తీసి మా చేతిలో పోసింది. గింజలు తీసి ఒక్కొక్కటే అమ్మీ నోటికి అందించాము. పదిహేను నిమిషాలకు మళ్ళీ సూది గుచ్చితే 84. మరికొంతసేపటికి అమ్మీ కళ్ళు తెరిచి, "ఎన్నో విడత బేటా?" అని అడిగారు.

బీబీ హాజిరా తన పసిబిడ్డ కోసం పరుగెత్తిన నేల అది. అదే నేల మీద ఒక కొడుకు తన తల్లి కోసం దిక్కుతోచక పరుగెత్తిన ఆ రెండు నిమిషాలు మేము జీవించి ఉన్నంతకాలం మరచిపోము. హరామ్‌లోని వైద్యకేంద్రంలో డాక్టరు అమ్మీని పరీక్షించి, మాత్ర ఏ వేళకు వేసుకొన్నారని అడిగినప్పుడు గాని రెండు గడియారాల మధ్య ఉన్న రెండున్నర గంటల తేడా మాకు తెలిసిరాలేదు. భోజనం లేకుండా మాత్ర, ఆపైన అంత నడక. అందుకు బాధ్యత గడియారానిది కాదు, మాదే. కానీ 58 ఉన్నప్పుడు 132 అని చెప్పిన అబద్ధం మాత్రం దానిదే.

ఏది సాధ్యం, ఏది కాదు

ఆ రాత్రి దమ్మాంలోని మేనల్లుడితో ఫోనులో మాట్లాడాము. ఆసుపత్రి పరికరాల సంస్థలో పనిచేసే ఆ కుర్రవాడు ఓపికగా అన్నీ వివరించాడు. ఇంటికి వచ్చాక మేము మరికొంత చదివి తెలుసుకొన్నాము. ఆ సారాంశం ఇది.

మణికట్టు గడియారం వెనుక మినుకుమినుకుమనే ఆకుపచ్చ వెలుగు చర్మంలోకి ప్రసరిస్తుంది. రక్తం ఆకుపచ్చ కాంతిని పీల్చుకొంటుంది. గుండె కొట్టుకొన్న ప్రతిసారీ రక్తనాళాలలో రక్తం పెరిగి తగ్గుతుంది కనుక తిరిగివచ్చే కాంతి కూడా తగ్గి పెరుగుతుంది. ఆ హెచ్చుతగ్గులను లెక్కించి గుండె వేగం చెబుతారు. ఇది నమ్మదగిన విద్యే. పట్టీ వదులుగా ఉన్నా, చేయి బాగా కదులుతున్నా, ఆ చోట పచ్చబొట్టు ఉన్నా లెక్క తప్పవచ్చు. కొన్ని మేలిరకం గడియారాలు గుండె విద్యుత్ సంకేతాన్ని కూడా నమోదు చేస్తాయి. యాపిల్ సంస్థ 2018లో తన గడియారంలో ఈసీజీ సదుపాయాన్ని ప్రవేశపెట్టింది. గుండె లయ తప్పడాన్ని అది గుర్తించగలదు. గుండెపోటును గుర్తించలేదు. ఆ సంగతి తయారీదారులే స్పష్టంగా చెబుతారు. ధరించిన మనిషి క్రిందపడితే గుర్తించి సహాయం కోసం పిలిచే ఏర్పాటు కూడా అదే సంవత్సరం వచ్చింది.

చక్కెర సంగతి వేరు. చర్మానికి ఏమాత్రం గుచ్చకుండా చక్కెరను తనంతట తాను కొలవగలదని అనుమతి పొందిన గడియారం గాని, ఉంగరం గాని ఏదీ లేదని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2024 ఫిబ్రవరిలో ప్రజలను హెచ్చరించింది. అటువంటి తప్పుడు లెక్కను నమ్మి మందులు వేసుకొంటే ప్రాణాపాయం కలగవచ్చని కూడా చెప్పింది. ప్రయోగశాలలలో ప్రయత్నాలు చాలాకాలంగా సాగుతున్నాయి. అంగడిలో దొరికే వస్తువు మాత్రం ఆ ప్రయత్నాల ఫలితం కాదు.

అయితే రోజూ వేలు గుచ్చుకోలేనివారికి నిజమైన మార్గం ఒకటి ఉన్నది. నాణెమంత బిళ్ళను భుజం వెనుక అతికిస్తారు. దాని అడుగున వెంట్రుక వంటి సన్నని తీగ చర్మం క్రిందికి చేరి, కణాల మధ్య ఉండే ద్రవంలోని చక్కెరను ఎడతెగకుండా కొలుస్తుంది. పది నుంచి పదిహేను రోజులు పనిచేస్తుంది. ఆ లెక్క ఫోనుకు గాని, స్మార్ట్ వాచ్‌కు గాని చేరుతుంది. చక్కెర పడిపోతుంటే ముందే మ్రోగి చెబుతుంది. రక్తపు లెక్క కంటే కొన్ని నిమిషాలు వెనుకబడి ఉంటుంది కనుక, సందేహం కలిగినప్పుడు వేలు గుచ్చి చూసుకోవలసిందే. ఇక్కడ గడియారం కేవలం తెర, కొలిచేది చర్మంలోని తీగ. ఈ ఒక్క తేడా తెలిసి ఉంటే మేము ఆ రెండు వేల రూపాయలు వృథా చేసేవారము కాము, మర్వా వద్ద అమ్మీ ప్రాణాన్ని పణంగా పెట్టేవారమూ కాము.

లెక్కకు రాని అడుగులు

మిగిలిన నాలుగు విడతలు అమ్మీని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి మేమే త్రోసుకొంటూ పూర్తి చేశాము. సయీ ప్రాంగణం నడుమ చక్రాల కుర్చీల కోసం ప్రత్యేకంగా దారి ఉన్నది. ఉమ్రా ముగిసి హోటలుకు చేరాక మా బృందంలోని యువకులు ఎవరెన్ని అడుగులు నడిచారో గడియారాలు చూసి పోల్చుకొంటున్నారు. ఒకరికి పధ్నాలుగు వేలు, మరొకరికి పదహారు వేలు. మాది ఎంత అని అడిగారు. చూస్తే అందరికంటే చాలా తక్కువ ఉన్నది.

కారణం తరువాత తెలిసింది. గడియారం కాలి అడుగును నేరుగా చూడదు, చేయి ఊగడాన్ని బట్టి లెక్కిస్తుంది. రెండు చేతులూ కుర్చీ పిడి మీద కదలకుండా ఉన్నందువల్ల, అమ్మీని త్రోస్తూ మేము నడిచిన అడుగులలో ఎక్కువ భాగం దాని లెక్కకు ఎక్కలేదు. ఈ మాట చెబితే అమ్మీ నవ్వి, "వ్రాయవలసినవాళ్ళు నీ రెండు భుజాల మీదా ఉన్నారు కదా బేటా! వాళ్ళు వ్రాసి ఉంటారులే" అన్నారు.

రోజుకు పదివేల అడుగులు నడవాలన్న లెక్క మూలం కూడా తెలుసుకోదగ్గదే. 1965లో జపానులో ఒక సంస్థ నడుముకు తగిలించుకొనే అడుగుల మీటరును విక్రయిస్తూ దానికి పదివేల అడుగుల మీటరు అని అర్థమిచ్చే పేరు పెట్టింది. ఆ వ్యాపార నామమే కాలక్రమేణా ఆరోగ్యసూత్రమై ప్రపంచమంతా వ్యాపించింది. నడక మంచిదే. తవాఫ్‌ను మాత్రం అంకెల పందెంగా మార్చుకోవడం మంచిది కాదు. ఆరాధనలో ప్రదర్శనాబుద్ధి ఎంత సన్నని దారి గుండా ప్రవేశిస్తుందో మన పెద్దలు ఎన్నోసార్లు హెచ్చరించారు. తవాఫ్ అడుగుల చిత్రాన్ని స్టేటస్‌లో పెట్టబోయిన ఒక యువకుడు మౌలానా ముఖం చూసి ఫోను జేబులో పెట్టుకొన్నాడు.

జిక్ర్ ఉంగరం మీద మా శ్రీమతి అభిప్రాయం కూడా ఇక్కడ చెప్పాలి. తవాఫ్‌లో ఎన్నో ప్రదక్షిణ అన్న సందేహం రాకుండా అది ఉపకరించిందట. కానీ నమాజులో నిలిచినప్పుడు ఏదో సందేశానికి అది కంపించగానే ఏకాగ్రత చెదిరిందట. రెండవ రోజు నుంచి ఫోనుతో దాని సంబంధం తెంచివేసి, కేవలం లెక్కకే ఉంచుకొన్నది. అమ్మీ చేతిలో మాత్రం ఏడు పూసల దారమే ఉన్నది. దానికి చార్జింగు అవసరం రాలేదు.

రబ్బరు పట్టీ చేసిన మేలు

మా యాత్రలో అన్నిటికంటే చవకైన వస్తువు ఖాఫిలా నాయకుడు ఇచ్చిన రబ్బరు పట్టీ. అందులో బ్యాటరీ లేదు, తెర లేదు. మూడవ రోజు ఇషా తరువాత మా బృందంలోని డెబ్బై అయిదేళ్ళ పెద్దాయన ఒకరు జనంలో తప్పిపోయారు. కర్నూలు జిల్లా పల్లె నుంచి వచ్చిన ఆయనకు తెలుగు తప్ప మరొక భాష రాదు. ఫోను గదిలో మరచి వచ్చారు. హరామ్‌కు ఉన్న అన్ని ద్వారాలూ ఆయనకు ఒకేలా కనిపించాయి. ఒక బంగ్లాదేశీ పారిశుద్ధ్య కార్మికుడు ఆయన మణికట్టు పట్టీ చూసి ఆ నంబరుకు ఫోను చేశాడు. అరగంటలో ఆయన మా మధ్యకు వచ్చారు.

ఈ పట్టీల వెనుక ఒక విషాదం కూడా ఉన్నది. 2015 సెప్టెంబరు 24న మినాలో జరిగిన తొక్కిసలాటలో ఎందరో హాజీలు మరణించారు. మృతులను గుర్తించడం కుటుంబాలకు, ప్రభుత్వాలకు చాలా కష్టమైంది. మరుసటి సంవత్సరం నుంచి హాజీలకు ఎలక్ట్రానిక్ పట్టీలు ఇచ్చే ఏర్పాటును సౌదీ ప్రభుత్వం ప్రకటించింది. 2024 హజ్ నుంచి నుసుక్ కార్డు ప్రవేశపెట్టారు. ఆ సంవత్సరమే హరామ్ వద్ద ఉష్ణోగ్రత 51.8 డిగ్రీలకు చేరింది. ఆ హజ్‌లో 1,301 మంది మరణించారని సౌదీ అధికారులు ప్రకటించారు. వారిలో అత్యధికులు అనుమతి పత్రం లేకుండా వచ్చి, నీడా వసతీ లేక ఎండలో నడిచినవారు. ఏ పట్టీ అయినా, ఏ గడియారమైనా నీడకూ నీటికీ ప్రత్యామ్నాయం కాదని ఆ సంఖ్య మనకు చెబుతున్నది.

మదీనా దారిలో

మక్కా నుంచి మదీనాకు హరమైన్ రైలులో వెళ్ళాము. 2018లో ప్రారంభమైన ఈ మార్గం పొడవు సుమారు 450 కిలోమీటర్లు. గంటకు 300 కిలోమీటర్ల వేగంతో సాగే ఆ బండిలో కూర్చొని, మేము తెచ్చుకొన్న పరికరాలన్నిటినీ ఒళ్ళో పరచుకొని ఏది ఉంచుకోవాలి, ఏది తీసివేయాలి అని ఆలోచించాము.

ఎదుటి సీటులో ఒక యువకుడు క్రొత్తరకం కళ్ళజోడు ధరించి ఉన్నాడు. దాని చట్రంలోనే చిన్న కెమెరా ఇమిడి ఉన్నది. తవాఫ్ చేస్తూ చిత్రించిన దృశ్యాలను అతడు తన ఫోనులో చూసుకొంటున్నాడు. మా శ్రీమతి ముఖం త్రిప్పుకొన్నది. "ఆ దృశ్యాలలో ఎందరు స్త్రీలు ఉన్నారో! ఏడుస్తూ దువా చేసుకొంటున్నవాళ్ళ ముఖాలు ఎవరి ఫోనులోకి పోతున్నాయో!" అని నెమ్మదిగా అన్నది. ఎదుటివాడు ఫోను ఎత్తితే మనకు కనిపిస్తుంది, తప్పుకొంటాము. కళ్ళజోడు తీసే చిత్రం మన దృష్టికి రాదు. చట్రం మీద చిన్న దీపం వెలుగుతుందన్న మాట నిజమే గాని, అంత జనసమ్మర్దంలో దానిని చూసేదెవరు? చూపును అదుపులో ఉంచుకోవలసిన చోట చూపునే యంత్రంగా మార్చుకోవడం మాకు సమంజసమని తోచలేదు.

మన వివరాల సంగతి కూడా మరువరాదు. గడియారానికి మన గుండె వేగం తెలుసు, నిద్ర తెలుసు, మనం ఏ మస్జిదుకు ఏ వేళకు వెళ్తామో తెలుసు. ఒక వ్యాయామ యాప్ ప్రచురించిన ప్రపంచపటంలో సైనికుల పరుగుల ఆధారంగా రహస్య స్థావరాల ఆనవాళ్ళు 2018లో బయటపడ్డాయి. నమాజు వేళలు తెలిపే ఒక ప్రసిద్ధ యాప్ వినియోగదారుల స్థానవివరాలు మధ్యవర్తుల ద్వారా అమెరికా సైన్యానికి సంబంధించినవారి చేతికి చేరినట్లు 2020 నవంబరులో వార్తలు వెలువడ్డాయి. కనుక ఏ యాప్ అయినా అడిగిన అనుమతులన్నిటికీ కళ్ళు మూసుకొని అంగీకారం తెలుపకూడదు. వేళలు లెక్కించడానికి ఊరి పేరు ఇస్తే చాలు, మనం నిలుచున్న చోటు చెప్పనవసరం లేదు.

చివరకు మేము చేసుకొన్న నిర్ణయాలు ఇవి. ఎవరికైనా ఉపకరిస్తే సంతోషం. వృద్ధులకు పేరు, ఫోను నంబరు ఉన్న పట్టీ తప్పనిసరి. అందులో వారి జబ్బు పేరు, వాడే మందు పేరు కూడా ఉంటే మరీ మంచిది. మధుమేహం ఉన్నవారు గ్లూకోమీటరును, నాలుగు ఖర్జూరాలను ఒంటి మీది సంచిలోనే ఉంచుకోవాలి, గదిలో కాదు. వేళ మారినప్పుడు మాత్రలు ఎప్పుడు వేసుకోవాలో బయలుదేరకముందే డాక్టరును అడిగి కాగితం మీద వ్రాయించుకోవాలి. ఇంట్లో అందరి గడియారాలూ ఒకే సమయం చూపుతున్నాయో లేదో దిగిన వెంటనే చూసుకోవాలి. స్మార్ట్ వాచ్ ఉన్నవారు హరామ్‌లోకి ప్రవేశించే ముందు సందేశాలన్నీ ఆపివేసి, ఆపదలో పిలిచే మీట ఏదో పెద్దవారి చేత నాలుగుసార్లు నొక్కించి నేర్పాలి. అన్నిటికంటే ముందు, మన పక్కన నడుస్తున్న మనిషి ముఖం చూడాలి. ఆనాడు మా శ్రీమతి చూసినది అదే. మేము మణికట్టు చూస్తూ ఉండిపోయాము.

ఒంటెను కట్టివేసి ఆ తరువాత అల్లాహ్‌పై భారం వేయమన్న మహాప్రవక్త (స) బోధ మనందరికీ తెలిసినదే. మేము కట్టిన త్రాడు గట్టిదో కాదో చూసుకోలేదు. అదే మా పొరపాటు.

నంద్యాలకు తిరిగివచ్చి నెలలు గడిచాయి. డాక్టరు సలహా మీద అమ్మీ భుజానికి ఆ బిళ్ళను కొన్నాళ్ళు పెట్టించాము. ఖర్చు ఎక్కువ కనుక ఎప్పుడూ వాడడం మాకు సాధ్యం కాదు. మిగిలిన రోజుల్లో ఫజ్ర్ తరువాత మా శ్రీమతి గ్లూకోమీటరుతో వస్తే, అమ్మీ మారుమాట లేకుండా వేలు చాపుతున్నారు. రెండు వేల రూపాయల గడియారాన్ని ఎవరికైనా ఇచ్చివేద్దామంటే వద్దన్నారు. "ఎవరి చేతికైనా పోతే వాళ్ళూ నమ్ముతారు" అని బీరువాలో పెట్టి తాళం వేశారు. మర్వా వద్ద ఖర్జూరాలు ఇచ్చిన ఆ సోదరి పేరు మేము అడిగి తెలుసుకోలేకపోయాము. ప్రతి నమాజు తరువాత అమ్మీ ఆమె కోసం దువా చేస్తున్నారు. పేరు తెలియని ఆ సోదరికి అల్లాహ్ ఇహపరాలలో సాఫల్యం ప్రసాదించుగాక! పవిత్ర గృహాన్ని దర్శించాలని తపించే ప్రతి తల్లికీ, ఆమెను చేయిపట్టి నడిపించే బిడ్డలకూ ఆయన మార్గం సుగమం చేయుగాక! ఆమీన్.